హనుగ్రహము: ఒక పేరు, రెండు రోగములు

హనుగ్రహశబ్దము షష్ఠీతత్పురుషము, హనువుయొక్క, అనఁగా దవడయొక్క, గ్రహము. విగ్రహమువలన దవడ పట్టుపడుట మాత్రమే తెలియును గాని, నోరు తెఱచియుండఁగాఁ బట్టినదో, మూసియుండఁగాఁ బట్టినదో తెలియదు. మాధవనిదానము వివృతాస్యత్వమును, సంవృతాస్యత్వమును ఈ యొక్క పేరిటనే చెప్పినది. పేరొక్కటియైనను చికిత్స లొక్కటి గావు. ఈ భేదము హనుసంధి నిర్మాణము నెఱిఁగిననే బోధపడును.

చెవికి ముందు వ్రేలుంచి నోరు తెఱచి మూసినచో సంధిచలనము తెలియును. క్రిందిదవడ యెముక కొననున్న గుండ్రని తల, కణఁత యెముకయందలి గుంటలో నమరియుండును. ఆ గుంటకు ముందొక మిట్ట కలదు. ఎముకల నడుమ నారతోఁ గూడిన మృద్వస్థిచక్రిక యుండి, సంధిని రెండఱలుగా విభజించును. క్రింది యఱలో తల తిరుగును. పై యఱలో చక్రికతోఁ గూడ ముందునకు జాఱును. నోరు కొంచెము తెఱచునపుడు మొదటిగతి ప్రధానము. మిక్కిలి తెఱచునపుడు రెండవదియుఁ దోడగును. పెద్దలకు ముందుపండ్ల నడుమ 35 మొదలు 50 మిల్లీమీటర్ల వఱకు నోరు తెఱచుకొనుట సామాన్యము. సుశ్రుతుఁడు సంధులను 8 విధములుగా విభజించి, హనుసంధులను కాకిముక్కుతోఁ బోల్చి వాయసతుండము లనెను.

పెద్ద యావలింతలో తల యా మిట్టను దాఁటిపోవుట కలదు. అప్పుడు నమలుకండరములు దానిని పైకి లాగి యచ్చటనే నిలుపును, నోరు మూఁతపడదు. గడ్డమును బలిమిఁ బైకెత్తిన ఫలము లేదు, మిట్ట యడ్డముగా నున్నది. దవడను మొదట క్రిందికి నొక్కి, పిదప వెనుకకుఁ ద్రోయవలయును. నేఁటి వైద్యులు చేయునదియు నిదియే. స్వేదనము చేసిన దవడను బొటనవ్రేళ్లతో నొక్కి, చూపుడువ్రేళ్లతో గడ్డము నెత్తుమని చరకసంహిత చికిత్సాస్థానమున విధించినది. ఎముక కుదిరిన పిదపఁ గట్టవలసిన పంచాంగీబంధమును సుశ్రుతుఁడు చెప్పెను.

నోరు తెఱవరాకుండుట వేఱు. చక్రిక స్థానము తప్పినను, జ్ఞానదంతముకడ చీము పట్టినను అట్లగును. గాయమైన పిదప దవడ బిగిసినచో ధనుర్వాతమును శంకింపవలయును. ఆ రోగమునకు తఱచుగా నదియే తొలిచిహ్నము. అందు సంధి తొలఁగలేదు. విషముచేఁ గండరములు బిగిసినవి. వ్రేళ్లతో నొక్కుటవలన మేలు లేదు, కాలహరణము ప్రాణహాని. రోగిని వెంటనే వైద్యశాలకుఁ జేర్పవలయును.

చరకుఁడు జాఱిన దవడను స్రస్తమనియు, బిగిసినదానిని స్తబ్ధమనియు వేఱు మాటలతోఁ జెప్పెను. వ్యవహారమున రెండును "దవడ పట్టుట"యే. కాఁబట్టి యా మాట విన్నవాఁడు మొదట నడుగవలసినది, నోరు మూఁతపడదా, తెఱవరాదా యనియే.