చిన్న కారులోని సౌఖ్యము

ఉర్దూ భాషలో ‘ఆరామ్’ అను మాటకు సుఖమనియు, విశ్రాంతి యనియు రెండర్థములు కలవు. విలాసవంతమైన కారును మెచ్చుకొనువారు మొదటి అర్థమునే చూతురు. దూరప్రయాణము చేసి దిగినవాని నడుము రెండవ అర్థమును పరీక్షించును. ఈ భేదమును తెలుపుటకు స్వీడన్ దేశపు వోల్వో సంస్థ 2017లో వెలువరించిన ఎక్స్‌సి40 అను చిన్న క్రాసోవర్‌ను ఉదాహరణముగా గైకొందును. క్రాసోవర్ అనగా జీపువలె ఎత్తుగా కనబడినను, వేరుగా చట్రము లేక కారువలె దేహమే చట్రముగా గల బండి. సీటు కొంత ఎత్తున నుండుటచే మోకాళ్ళ నొప్పిగల పెద్దలు వంగక, ఎగబ్రాకక, తిన్నగా కూర్చుండగలరు. నా దృష్టిలో తోలు కుట్టుపనికంటె ఇదియే పెద్ద విలాసము.

సామాన్యముగా కారు తలుపులలో పెద్ద స్పీకర్లు అమర్చుదురు. అందుచే తలుపు అరలో చోటు తరిగిపోవును. ఈ కారు శిల్పులు మంద్రస్వరముల స్పీకరును తలుపునుండి తొలగించి డాష్‌బోర్డులో నిమిడ్చిరి. ఫలితముగా తలుపు అరలో లాప్‌టాప్ పట్టునంత చోటు మిగిలినది. సీట్ల నడుమ బయటకు తీయదగిన చిన్న చెత్తబుట్టయు కలదు. పల్లీల పొట్టు ఎక్కడ వేయవలెనో తెలియక చేతిలో పట్టుకొని కూర్చున్నవారికి దీని విలువ చెప్పనక్కరలేదు.

ఇక సీటు సంగతి. నిలువుగా వచ్చు కంపములలో సెకనుకు 4 నుండి 8 వరకు గలవి మానవశరీరమును మిక్కిలి బాధించును. అందుచేతనే కారు దేహము స్ప్రింగులపై అంతకంటె నెమ్మదిగా, సెకనుకు ఒకటి రెండు మారులు మాత్రమే ఊగునట్లు రూపొందింతురు. మిగిలిన అదురును సీటులోని నురుగుపరుపు అణచవలెను. మరీ మెత్తనిదైనచో తుంటి లోనికి దిగిపోయి, తొడలకు ఆనిక తప్పును. షోరూములో పది నిమిషములు హాయి గొల్పిన సీటు, హైదరాబాదు నుండి విజయవాడ చేరులోపల శత్రువు కావచ్చును.

నిశ్శబ్దమును గూర్చి ఒక విచిత్రము. శబ్దము 10 డెసిబెల్లులు పెరిగినచో చెవికి దాదాపు రెట్టింపుగా తోచును. 2019లో చూపిన విద్యుత్ రూపములో ఇంజను లేదు. కాని ఇంజను మ్రోత తొలగగనే, అంతవరకు దాని చాటున దాగిన టైర్ల రొద, గాలి యీల బయటపడును!

2021లో వోల్వో సంస్థ తన క్రొత్త విద్యుత్ కార్లన్నిటిని తోలు లేకయే నిర్మింతుమని ప్రకటించినది. మే నెల మధ్యాహ్నము ఎండలో నిలిపిన కారు నల్లతోలు సీటుపై కూర్చున్న మనవారికి ఇది నష్టముగా తోచదు.

లోపమును దాచరాదు. వెనుక సీటు మధ్య కూర్చున్నవాని పాదముల నడుమ నేలపై ఎత్తైన గట్టు వచ్చును. కావున సౌఖ్యము నలుగురికే. ఐదవ చోటు ఎవరికి దక్కునో మన ఇండ్లలో అందరికిని తెలిసినదే. కారు కొనబోవునపుడు వారిని వెంటబెట్టుకొనిపోయి, మొదట అచ్చట కూర్చుండబెట్టి చూడవలెను.