గంప కింది ఆస్తి: కౌకూర్ పొట్టికోళ్లు చెప్పే సంగతి

బొల్లారం దాటి కౌకూర్‌లోకి వస్తే ఒకవైపు కొత్త కాలనీలు, అపార్ట్‌మెంట్లు, ఇంకోవైపు పాత ఇళ్లు. నా పీహెచ్‌డీ ఫీల్డ్‌వర్క్‌లో నేను తరచూ వెళ్లి కూర్చునే ఇల్లు ఆ పాత వాడలోదే. గడప పక్కన ఒక గంప బోర్లించి ఉంటుంది. దాని కింద రెండు అరచేతుల్లో పట్టేంత కోడిపెట్ట, దాని రెక్కల కింద పిల్లలు. ఆ ఇంటి అక్క అపార్ట్‌మెంట్లలో పనికి పోతుంది. భూమి లేదు, బర్రెను కట్టేసే చోటూ లేదు. "రెండు పుంజులమ్మి పిల్ల ఫీజు కట్టిన. ఎవ్వల్నీ అప్పు అడగలె" అని ఒకసారి గర్వంగా చెప్పింది. పోయిన ఎండాకాలం ఒక్క వారంలో ఆమె పదకొండు కోళ్లలో తొమ్మిది చచ్చిపోయాయి. అది తలరాత కాదు. ఆపగలిగిన చావు.

ఎందుకు కోడి?

పాలు అమ్ముకోవాలంటే కులం గడప దాటాలి. 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో జరిగిన సర్వే ఆధారంగా 2006లో 'గ్రామీణ భారతంలో అంటరానితనం' అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లిష్ పుస్తకం వచ్చింది. సుమారు సగం గ్రామాల్లో దళితులను పాల సహకార సంఘాలకు పాలు పోయనివ్వడం లేదని అది నమోదు చేసింది. కోడికి ఆ సంఘం సభ్యత్వం అక్కర్లేదు. ఎకరం పట్టా, బ్యాంకు పూచీకత్తు కూడా అక్కర్లేదు. ఆడమనిషి చేతిలో ఉండి, అవసరమైన రోజున రూపాయలయ్యే ఆస్తి అది.

ఇదేమీ చిన్న లెక్క కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల కోళ్లు, బాతుల వంటి పెంపుడు పక్షుల్లో దాదాపు 31.7 కోట్లు పెరటివే. 2012తో పోలిస్తే పెరటి పక్షులు 46 శాతం దాకా పెరిగితే, ఫారాలవి పెరిగింది 4.5 శాతమే.

పొట్టికోడి ప్రత్యేకత

బాంటమ్ అనే పేరు జావా దీవిలోని బాంటెన్ రేవు నుంచి వచ్చింది. అక్కడి చిన్న కోళ్లను ఓడల వాళ్లు తీసుకెళ్లడంతో ఆ పేరు లోకమంతా పాకింది. హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్‌లో వీటిని షోకు కోసం కొనేవాళ్లున్నారు. ఇరుకు వాడలో మాత్రం ఇది షోకు కాదు, సౌలభ్యం. పెట్ట సాధారణంగా కిలో లోపే తూగుతుంది. తిండి తక్కువ, జాగా తక్కువ. గుడ్డు చిన్నదే, కానీ పొదగడంలో దీనికి మంచి పేరుంది.

ఆ పొదుగే అసలు విషయం. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు బాగా పెరుగుతాయి, గుడ్లు ఎక్కువ పెడతాయి. కానీ పొదగడం చాలా తక్కువ, కాబట్టి పిల్లలను మళ్లీ మళ్లీ కొనాలి. పొదిగే పెట్ట ఉంటే మంద ఇంట్లోనే పెరుగుతుంది.

పొదుగు నుంచి పిల్ల దాకా

పొట్టిపెట్ట కింద దాని గుడ్లే అయితే ఎనిమిది, పది పెట్టొచ్చు. పెద్ద కోడి గుడ్లయితే ఐదారు మించొద్దు, అన్నిటికీ వేడి అందదు. ఏడో రోజు చీకట్లో ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూస్తే జీవమున్న గుడ్డులో సన్నటి ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఖాళీగా ఉన్నవాటిని తీసేయాలి. దాదాపు 21 రోజులకు పిల్లలు వస్తాయి. నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేయాలి, లేకపోతే ఇంత చిన్న పిల్లలు మునిగి చస్తాయి. నూకలు ఒక్కటే చాలవు, చెదపురుగులో పిల్లల దాణానో కలవాలి. రాత్రి గూడు నేలకు ఎత్తులో, పిల్లి, ముంగిస దూరని జాలీతో ఉండాలి.

జత కట్టించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బాగా కురచ కాళ్లుండే జపనీస్ బాంటమ్‌లలో ఆ కురచదనం ఒక జన్యువు వల్ల వస్తుంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జన్యువు అందిన పిల్ల గుడ్డులోనే చనిపోతుంది. అందుకే రెండు కురచకాళ్ల కోళ్లను జత కడితే సగటున నాలుగు గుడ్లలో ఒకటి పోతుంది. కురచకాళ్ల పుంజుకు మామూలు కాళ్ల పెట్టను కలిపితే ఆ నష్టం ఉండదు. ఏ రకమైనా తోబుట్టువులను జత కట్టకుండా ఇరుగుపొరుగుతో పుంజులు మార్చుకుంటే మంద బలహీనపడదు.

కొక్కెర తెగులు

అక్క కోళ్లకు ఆకుపచ్చ విరేచనాలయ్యాయి, నోరు తెరిచి రొప్పాయి, మెడలు మెలి తిరిగాయి. ఇవి కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ వ్యాధి లక్షణాలు. ఇది వైరస్, వచ్చాక మందు లేదు. ముందే టీకా వేయాలి: పిల్లలకు మొదటి వారంలో కంట్లో ఒక చుక్క, నాలుగో వారంలో మరోసారి, ఎనిమిది వారాలకు ఆర్2బి టీకా సూదితో. కోడి చిన్నదని మోతాదు తగ్గించకూడదు. జబ్బుపడ్డవాటికి వేయకూడదు. చచ్చినవాటిని సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి.

అక్కకు టీకా సంగతి తెలుసు. మెడికల్ షాపులో అడిగింది కూడా. కానీ సీసాలో సాధారణంగా వంద డోసులు, అంతకంటే ఎక్కువే ఉంటాయి. చల్లగా దాచాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. వేల కోళ్ల ఫారానికి ఇది సరిపోయే కొలత. పదకొండు కోళ్లున్న మనిషి మిగిలింది పారబోయాలి. శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీ ఉంది, 2021లో కోవాగ్జిన్ అక్కడి నుంచే దేశమంతా వెళ్లింది. టీకాల తయారీకి పేరుపడ్డ ఈ జిల్లాలోనే కోడి టీకా ఒక వాడకు అందలేదు.

కలిసి వేస్తే

దారి ఇప్పటికే ఉంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పల్లె కోళ్ల కోసం ఎండకు త్వరగా పాడవని ఐ-2 టీకాను తయారుచేశారు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో శిక్షణ పొందిన స్థానికులు, అందులో మహిళలూ, ఇల్లిల్లూ తిరిగి నాలుగు నెలలకోసారి కంటిచుక్క వేశారు. మన తూర్పు గోదావరి ఏజెన్సీలో 'అంత్ర' సంస్థ ఆదివాసీ మహిళలతో కలిసి అసీల్ కోళ్లను కాపాడే పని చేసింది. అక్కడి 'వాటా' పద్ధతిలో కోడి లేని మహిళ ఇంకొకరి పెట్టను తెచ్చుకుని సాకుతుంది, పుట్టిన పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు.

కౌకూర్‌లోనూ ఇది చేయొచ్చు. పదిహేను ఇళ్ల కోళ్లను లెక్కేస్తే ఒక సీసాకు సరిపోతాయి. ఒక తేదీ అనుకుని, పశువైద్యశాలకు అందరి సంతకాలతో దరఖాస్తు ఇచ్చి, వాడలోనే టీకా రోజు పెట్టమని అడగాలి. విద్యార్థి సంఘాలు, మహిళా సంఘాలు రాయగలిగే దరఖాస్తే ఇది. వినతి అనొద్దు, హక్కు అనండి. మందు ఉండి కూడా ఆస్తి చచ్చిపోతుంటే అది ప్రభుత్వం జవాబు చెప్పాల్సిన విషయం.

అక్కకు మిగిలిన రెండూ పుంజులే. పక్కవీధి చెల్లె ఒక పెట్టను వాటాకు ఇచ్చింది. ఇప్పుడు గంప కింద ఉన్నది అదే. మొన్న వెళ్లినప్పుడు నా నోట్‌బుక్ అడిగి తీసుకుని, కోళ్లున్న ఇళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పింది. నేను రాసుకున్నాను. పద్నాలుగు అయ్యాయి. "ఇంకొకటి అడుగుత" అని చెప్పులేసుకుని బయల్దేరింది.