జాకీ ఎత్తుటకు, స్టాండు నిలుపుటకు

ఎడ్లబండి చక్రమునకు కందెన పెట్టుట మీలో పెద్దలకు తెలిసిన పనియే. బండిని ఒకవైపు ఎత్తి, ఇరుసు క్రింద గట్టి మొద్దు పెట్టిన తరువాతనే చక్రమును ఊడదీసెడివారు. ఎత్తినవాడు ఎంత బలశాలియైనను, అతని భుజమును నమ్మి ఎవరును బండి క్రింద దూరలేదు. నేడు ట్రాక్టరు, ట్రాలీ, జీపు, కారు వచ్చినవి. భుజమునకు బదులు జాకీ వచ్చినది. కాని మొద్దు పెట్టు అలవాటును మాత్రము మరచితిమి.

గత వానాకాలమున నారాయణఖేడ్ ప్రాంతమున సోయాబీన్ చేలు చూచుటకు పోవుచుండగా, బాట ప్రక్కన ఇద్దరు అన్నదమ్ములు ట్రాలీ చక్రము మార్చుచుండిరి. జాకీ అడుగున షాబాదు బండ ముక్క నొకదానిని పెట్టిరి. చిన్నవాడు ఇరుసు క్రింద పడుకొని పని చేయుచు, పానా కొరకు బయటకు వచ్చెను. అంతలో బండ పగిలి, జాకీ ఒరిగి, ఇరుసు నేలను తాకెను. పానా అతని చేతిలోనే ఉండియుండినచో ఏమి జరిగెడిదో చెప్పనక్కరలేదు. ఆనాడు వారికి చెప్పిన మాటలనే ఇచట వివరముగా వ్రాయుచున్నాను.

జాకీ పనిచేయు తీరు

మన గ్రామములలో రెండు రకముల జాకీలు ఎక్కువగా కనబడును. మొదటిది మరజాకీ. కారుతో కూడ ఇచ్చునది సాధారణముగా ఇదియే. ఇది దారిలో చక్రము మార్చుటకు మాత్రమే ఉద్దేశింపబడినది. రెండవది నూనెతో పనిచేయు బాటిల్ జాకీ. మూతబడిన నూనెపై కలిగించిన ఒత్తిడి అన్నివైపులకు సమానముగా ప్రసరించునని 17వ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రమే దీనికి ఆధారము. చిన్న దండము వైశాల్యము 1 చదరపు సెంటీమీటరు, పెద్ద దండము వైశాల్యము 20 చదరపు సెంటీమీటర్లు అనుకొనుడు. చిన్నదానిపై 100 కిలోల బలము పడిన, పెద్దది 2,000 కిలోలను ఎత్తును.

ఇంత బరువును ఆపునది లోపలి వాషర్లు, ఒక చిన్న వాల్వు మాత్రమే. వాషరు చినిగినను, వాల్వులో ఇసుక రేణువు చేరినను బరువు దిగిపోవును. అందుచేత జాకీ ఎత్తు సాధనమే కాని, నిలుపు సాధనము కాదు. నిలుపుటకు ఇనుప స్టాండు వేరుగా కావలెను.

కొనునప్పుడు చూడవలసినవి

35 నుండి 45 గుర్రపుశక్తి గల ట్రాక్టరు సుమారు 2 టన్నులు తూగును. వెనుక టైర్లలో నీరు నింపిన యెడల ఇంకను పెరుగును. దీనికి 5 టన్నుల బాటిల్ జాకీ చాలును. ట్రాలీకి 10 టన్నులది మేలు. ఐనను ట్రాలీలోని సరుకు దించిన పిదపనే ఎత్తవలెను.

శక్తితోపాటు ఎత్తును కూడ చూడుడు. గాలి పోయిన టైరుతో ఇరుసు క్రిందికి దిగును. ఆ స్థితిలో నేల నుండి ఇరుసు వరకు కొలిచి, అంతకంటె పొట్టి జాకీని ఎన్నుకొనుడు.

స్టాండ్లను జతగా కొనుడు. నాలుగు కాళ్ళు వెడల్పుగా ఉండి, మందమైన పిన్నుతో ఎత్తు సరిచేయునవి మంచివి. ఒక్కొక్కటి ఎంత బరువు మోయునో దానిపై ముద్రించి ఉండవలెను. అందరును వేరువేరుగా కొననక్కరలేదు. నలుగురు రైతులు కలిసి ఒక జాకీ, ఒక జత స్టాండ్లు కొనవచ్చును. ఇటుకలు, బండలు, పెంకులు వీనికి బదులు పనికిరావు. అవి ముందుగా హెచ్చరింపక, ఒక్కసారిగా పగులును.

నల్లరేగడిలో జాగ్రత్త

నల్లరేగడి తడిసిన మెత్తబడును. జాకీ అడుగు 10 సెంటీమీటర్ల చదరమై, దానిపై 1,000 కిలోలు పడిన, ప్రతి చదరపు సెంటీమీటరుపై 10 కిలోల ఒత్తిడి పడును. దాని క్రింద 40 సెంటీమీటర్ల చదరపు చెక్క వేసిన ఈ ఒత్తిడి ముప్పాతిక కిలో కంటె తగ్గును. చెక్క 5 సెంటీమీటర్లకు తక్కువ కాక, వంగని మందము కలదై ఉండవలెను. స్టాండ్ల క్రిందను ఇట్టి చెక్కలే వేయుడు. సాధ్యమైనంతవరకు వాహనమును సమతలమగు గట్టి నేలకు చేర్చుడు.

ఎత్తు క్రమము

1. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, చేతి బ్రేకు వేయుడు. ట్రాలీని ట్రాక్టరు నుండి విప్పవద్దు.

2. నేలపై ఉండు చక్రములకు ముందు, వెనుకల అడ్డుమొద్దులు పెట్టుడు.

3. చక్రము నేలపై ఉండగనే నట్లను కొద్దిగా వదులు చేయుడు.

4. ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యన పిన్నుపై ఊగును. గాన ముందువైపు ఎత్తునప్పుడు ఇరుసుకు, పైభాగమునకు నడుమ రెండువైపుల చెక్కమేకులు బిగించుడు.

5. జాకీని నిలువుగా పెట్టి నెమ్మదిగా ఎత్తి, వెంటనే స్టాండు పెట్టి, బరువును స్టాండుపైకి దింపుడు.

6. ప్రక్కన నిలిచి వాహనమును చేతితో త్రోసి చూడుడు. కదలనిచో పని మొదలిడుడు. విప్పిన చక్రమును వాహనము క్రింద పడుకోబెట్టిన అదియు ఒక రక్షణయే.

రోటావేటరు పళ్ళు మార్చునప్పుడును ఇదే నియమము. లిఫ్టు పట్టుకొని ఉన్నదని నమ్మి దాని క్రింద చేయి పెట్టరాదు. ఎత్తిన టిప్పింగు ట్రాలీ తొట్టి క్రిందికి ఇనుప ఆధారము లేనిదే పోరాదు. నూనె గొట్టము పగిలిన తొట్టి క్షణములో దిగును.

జాకీలో దాని నూనెనే పోయుడు. బ్రేకు నూనె పోసిన వాషర్లు పాడగును. ఏడాదికొకసారి బరువును ఎత్తి పది నిమిషములు వదలి చూడుడు. బరువు దిగిన, ఆ జాకీని మరమ్మతు చేయించువరకు వాడవద్దు.

గ్రామాధికారులకు ఒక మనవి. వానాకాలపు పనులకు ముందు రైతు వేదికలో ట్రాక్టరు నడుపు యువకులను పిలిచి, ఈ క్రమమును ఒకసారి చేసి చూపుడు. ఒక జత స్టాండ్లు, రెండు చెక్కలు, నాలుగు మొద్దులు ఉన్న చాలును. మన పెద్దలు బండి క్రింద పెట్టిన మొద్దును మనము మరల పెట్టుదుము.