రీసెర్చ్ గ్రాంట్స్: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మ్యాథ్స్ లెక్చరర్లకు ఉన్న స్కీమ్‌లు ఏంటి? అసలు అడ్డు ఎక్కడ?

ల్యాబ్ అక్కర్లేదు. కోట్ల రూపాయల మెషీన్లు అక్కర్లేదు. చేతిలో కాస్త టైమ్, చదవడానికి జర్నల్స్, ఓ ల్యాప్‌టాప్, ఏడాదికి రెండు మూడు ప్రయాణాలు.. మ్యాథ్స్‌లో పరిశోధనకు ప్రధానంగా కావాల్సింది ఇంతే. అందుకే సైన్స్ సబ్జెక్టులన్నింటిలో చిన్న ఊరి కాలేజీ నుంచి కూడా చేయగలిగే రీసెర్చ్ ఏదైనా ఉందంటే అది మ్యాథ్స్ అనే చెప్పాలి. మరి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి చోట్ల పాఠాలు చెప్పే లెక్చరర్లకు కేంద్రం నుంచి ఏ గ్రాంట్లు అందుబాటులో ఉన్నాయి? మైనారిటీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఎక్కువగా చదివే కాలేజీలకు ప్రత్యేకంగా ఏమైనా ఉందా? వివరంగా చూద్దాం.

మైనారిటీ కాలేజీలకు ప్రత్యేక గ్రాంట్ ఉందా?

అమెరికాలో ఇలాంటి ఏర్పాటు ఉంది. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన చారిత్రక కాలేజీలు, ఇతర మైనారిటీలు ఎక్కువగా చదివే సంస్థలకు అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ విడిగా స్కీమ్‌లు తెచ్చింది. వాటిలో మ్యాథ్స్, ఫిజికల్ సైన్సెస్‌లో కెరీర్ మొదలుపెట్టే అధ్యాపకుల కోసం తెచ్చిన 'లీప్స్' ఒకటి. దీని కింద రెండేళ్లకు రెండున్నర లక్షల డాలర్ల దాకా ఇచ్చారు. ఇక్కడ కాలేజీలో ఎవరు చదువుతున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

మన దగ్గర లెక్క వేరు. రాజ్యాంగంలోని 30వ ఆర్టికల్ మైనారిటీలకు విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 2004 చట్టంతో ఏర్పడిన జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్ 'మైనారిటీ హోదా' సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్‌తో అడ్మిషన్లు, నిర్వహణలో కొంత స్వేచ్ఛ వస్తుంది. అంతేగానీ రీసెర్చ్ డబ్బు రాదు. రాష్ట్రంలోని మైనారిటీ గురుకులాలు స్కూళ్లు, జూనియర్ కాలేజీలు కాబట్టి అవి ఈ గ్రాంట్ల పరిధిలోకే రావు. మైనారిటీ విద్యార్థుల పీహెచ్‌డీ కోసం ఉన్న మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను కూడా కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది.

అంటే ఇక్కడ గ్రాంట్ అన్నది కాలేజీని బట్టి కాదు.. లెక్చరర్‌ను బట్టి, ప్రపోజల్‌ను బట్టి వస్తుంది.

మ్యాథ్స్‌కు సరిపోయే స్కీమ్‌లు ఇవే..

కేంద్రంలో పరిశోధన నిధులిచ్చే పాత సంస్థ 'సెర్బ్' స్థానంలో 2023 చట్టంతో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. దాన్నే ఏఎన్ఆర్ఎఫ్ అంటున్నారు. 2023 నుంచి 2028 వరకు దీనికి రూ.50 వేల కోట్లు అంచనా వేశారు. అందులో రూ.36 వేల కోట్లు ప్రభుత్వేతర వర్గాల నుంచే రావాలన్నది ప్లాన్.

* మ్యాట్రిక్స్: మ్యాథ్స్, థియరీ సబ్జెక్టుల కోసమే పెట్టిన స్కీమ్. ఏడాదికి రూ.2 లక్షల చొప్పున మూడేళ్లు. దీనికి తోడు కాలేజీకి ఓవర్‌హెడ్స్ కింద ఏటా రూ.20 వేలు. చూడ్డానికి చిన్న మొత్తమే. కానీ మ్యాథ్స్‌కు ఇది తక్కువేం కాదు.
* టేర్: జిల్లా కాలేజీల వాళ్లకు బాగా పనికొచ్చేది ఇదే. సొంత కాలేజీలో ఉద్యోగం చేస్తూనే ఐఐటీ, ఎన్‌ఐటీ, సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట ఏడాదికి 90 రోజుల వరకు రీసెర్చ్ చేయొచ్చు. ఏటా రూ.5 లక్షల గ్రాంట్‌ను రెండు సంస్థలకూ పంచుతారు. లెక్చరర్‌కు విడిగా ఏడాదికి రూ.60 వేల ఫెలోషిప్ ఉంటుంది. సిరిసిల్లలో పాఠం చెప్పే అధ్యాపకుడు సెలవుల్లో వరంగల్ ఎన్‌ఐటీలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో కూర్చుని పని చేసుకోవచ్చన్నమాట.
* ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకు: సెర్బ్ హయాంలో 'ఈఎంఈక్యూ' పేరుతో మూడేళ్లకు గ్రాంట్ ఇచ్చేవారు. ఇప్పుడు దాని స్థానంలో ఇన్‌క్లూసివిటీ రీసెర్చ్ గ్రాంట్ వచ్చింది.
* పెయిర్: పెద్ద యూనివర్సిటీ 'హబ్'గా, చిన్నవి 'స్పోక్'లుగా కలిసి పనిచేసే స్కీమ్. 2024లో ప్రకటించారు. అయితే మొదటి దశలో స్పోక్‌లుగా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలు, కొన్ని ఎన్‌ఐటీలు, ట్రిపుల్ ఐటీలకే చోటు. డిగ్రీ కాలేజీలకు నేరుగా ఎంట్రీ లేదు.

వీటితో పాటు అణుశక్తి విభాగం 1983లో ఏర్పాటు చేసిన నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్ ఉంది. ఇది కేవలం మ్యాథ్స్ కోసమే. ప్రాజెక్టులకు, కాన్ఫరెన్సులకు, ప్రయాణాలకు, లైబ్రరీలకు సాయం చేస్తుంది.

అసలు అడ్డు 'రెగ్యులర్' దగ్గరే

ఈ ఏఎన్ఆర్ఎఫ్ గ్రాంట్లకు సాధారణంగా రెండు షరతులుంటాయి. ఒకటి పీహెచ్‌డీ, రెండోది రెగ్యులర్ పోస్టు. మొదటిది చాలామందికి ఉంది. రెండోదే సమస్య. జిల్లాల్లోని డిగ్రీ కాలేజీలు, యూనివర్సిటీ కాలేజీలు కాంట్రాక్ట్, గెస్ట్ ఫ్యాకల్టీ మీద ఎంతగా ఆధారపడుతున్నాయో అక్కడ చదివే విద్యార్థులకు తెలియంది కాదు. గెస్ట్ లెక్చరర్‌కు చెప్పిన క్లాసు లెక్కన డబ్బులు. వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియదు. అలాంటప్పుడు మూడేళ్ల ప్రాజెక్టుకు కాలేజీ ఎలా హామీ ఇస్తుంది? పేపర్లు పబ్లిష్ చేసినా, ఐడియా ఉన్నా.. అప్లికేషన్ దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది.

2023 ఏప్రిల్ 30న రాష్ట్ర ప్రభుత్వం 5,544 మంది కాంట్రాక్ట్ ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. అందులో డిగ్రీ లెక్చరర్లు 270 మంది. అప్పుడు రెగ్యులర్ అయినవాళ్లలో పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు జీతంతో పాటు ఈ తలుపు కూడా తెరుచుకున్నట్టే. మిగతావాళ్లకు అది ఇంకా మూసే ఉంది.

ఇక రెగ్యులర్ వాళ్లకూ టైమ్ సమస్య ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు క్లాసులు చెప్పాలి. పరీక్షలు, అడ్మిషన్లు, న్యాక్ ఫైళ్లు దీనికి అదనం. మ్యాథ్స్‌కు అన్నిటికన్నా ఖరీదైన పరికరం టైమే. అది ఏ గ్రాంట్‌లోనూ రాదు.

గ్రాంట్ వస్తే విద్యార్థికి ఏంటి లాభం?

జగిత్యాలలో ఎస్‌కేఎన్‌ఆర్ ప్రభుత్వ కాలేజీ ఉంది. కోరుట్లలో, సిరిసిల్ల దగ్గర అగ్రహారంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. కొండగట్టు దగ్గర 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ నడుస్తోంది. 2021లో సిరిసిల్లకూ ఒకటి వచ్చింది. బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, గల్ఫ్‌లో తండ్రి ఉన్న పిల్లలు, మరమగ్గాల మీద బతికే ఇళ్ల పిల్లలు చదివే ప్రాంతమిది. వీళ్లలో చాలామందికి మ్యాథ్స్ అంటే డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంక్ పరీక్షల్లో మార్కులు. కొత్త లెక్కను కనిపెట్టడం కూడా ఒక ఉద్యోగమే అని చెప్పాలంటే, ఆ పని చేస్తున్న మనిషి ఎదురుగా కనిపించాలి.

డబ్బుపరంగానూ తేడా ఉంటుంది. పెద్ద ప్రాజెక్టుల్లో జూనియర్ రీసెర్చ్ ఫెలోను పెట్టుకోవచ్చు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ స్టైపెండ్ నెలకు రూ.37 వేలు. ఎమ్మెస్సీ అయ్యాక ఇంటికి డబ్బు పంపాల్సిన అమ్మాయికో, అబ్బాయికో.. పీహెచ్‌డీ చేయాలా వద్దా అని తేల్చేది ఆ రూ.37 వేలే.

గ్రాంట్ లేకున్నా వాడుకోగలిగేవి

* వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్: 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. మూడేళ్లకు రూ.6 వేల కోట్లు. 30 పబ్లిషర్లకు చెందిన దాదాపు 13 వేల జర్నల్స్‌ను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు ఉచితంగా చదువుకోవచ్చు. కాలేజీ రిజిస్టర్ అయిందో లేదో ప్రిన్సిపల్‌ను అడిగితే తెలిసిపోతుంది.
* టీచర్లకు వర్క్‌షాప్‌లు: నేషనల్ సెంటర్ ఫర్ మ్యాథమెటిక్స్ కాలేజీ టీచర్ల కోసమే ఇన్‌స్ట్రక్షనల్ స్కూల్స్ నడుపుతుంది.
* విద్యార్థులకు ఎంటీటీఎస్: 1993 నుంచి నడుస్తున్న సమ్మర్ ట్రైనింగ్ ఇది. డిగ్రీ, పీజీ విద్యార్థులు అప్లై చేసుకోవచ్చు.

అప్లై చేసే ముందు ఇవి చూసుకోండి

ఏఎన్ఆర్ఎఫ్ స్కీమ్‌లకు దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే. కాల్ ఏడాది పొడవునా ఉండదు. కొన్ని వారాలే తెరిచి ఉంచుతారు. కాబట్టి ప్రపోజల్, బయోడేటా, పబ్లికేషన్ల లిస్ట్ ముందే రెడీగా ఉండాలి. సంస్థ అధిపతి సంతకంతో ఎండార్స్‌మెంట్ లెటర్ తప్పనిసరి. టేర్‌కైతే హోస్ట్ సంస్థలోని మెంటార్ ఒప్పుకోవాలి. అందుకే ముందు మెంటార్‌కు మెయిల్ పెట్టడం, ఆ తర్వాతే ఫారం నింపడం మంచిది. డబ్బు వచ్చేది లెక్చరర్ అకౌంట్‌కు కాదు, కాలేజీకి. ఖర్చుల లెక్క, యుటిలైజేషన్ సర్టిఫికెట్ టైమ్‌కు పంపకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. రీసెర్చ్ ప్రాజెక్టు లెక్కలు ఎప్పుడూ చూడని కాలేజీ ఆఫీసుల్లో ఎక్కువగా చిక్కొచ్చేది ఇక్కడే. అందుకే సూపరింటెండెంట్‌తో ముందే ఓసారి కూర్చుని మాట్లాడుకోవడం బెటర్.