మంచులో పికప్: టైర్ల డబ్బు ఎక్కడ మిగులుతుంది

మినియాపోలిస్‌లోనో క్యాల్గరీలోనో పికప్ ట్రక్కు నడిపే మనవాళ్లను చలికాలం టైర్లు వేయించారా అని అడిగితే, చాలామంది నుంచి ఒకటే జవాబు వస్తుంది: "మనది ఫోర్ వీల్ డ్రైవ్ కదన్నా!" ఆ జవాబులో సగం నిజం ఉంది. బండి కదలడానికి నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందితే మంచులో గొప్ప మేలే. కానీ ఆగడం సంగతి వేరు. బ్రేకులు చిన్న కారుకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి, ఎనభై వేల డాలర్ల ట్రక్కుకైనా నాలుగింటికే. బ్రేకు చక్రాన్ని ఆపగలదు కానీ బండిని ఆపాల్సింది టైరే. ఫోర్ వీల్ డ్రైవ్ చేసే అసలు పని ఏమిటంటే, రెండు టన్నులు దాటిన బండిని జారుడు రోడ్డు మీద తొందరగా వేగం అందుకునేలా చేసి, ఆపే బాధ్యత మీకు వదిలేయడం. మంచు తుఫాను మర్నాడు హైవే పక్క గుంటల్లోకి దిగిన బండ్లను గమనించండి. అందులో ఫోర్ వీల్ డ్రైవ్‌లకు లోటుండదు.

పికప్‌కు ఇంకో ఇబ్బంది పుట్టుకతోనే ఉంది. బరువంతా ముందు, ఇంజిను వైపు. వెనక తొట్టి ఖాళీ. ఫోర్ వీల్ వేయకుండా మామూలుగా నడిపేటప్పుడు చాలా పికప్‌లలో శక్తి అందేది ఆ తేలికపాటి వెనక చక్రాలకే. అందుకే అక్కడి పాతకాపులు చలికాలం రాగానే ఇసుక బస్తాలు తెచ్చి వెనక ఇరుసుకు సరిగ్గా పైన పేర్చి, కదలకుండా కట్టేస్తారు. తొట్టి చివర, తలుపు దగ్గర పెడితే ముందు చక్రాల మీది బరువు తగ్గి స్టీరింగ్ పట్టు సడలుతుంది. బస్తాకు కొన్ని డాలర్లు మించని ఈ ఉపాయం చౌక చిట్కాల్లో మొదటిది. బండి ఇరుక్కుంటే అదే ఇసుక టైరు కిందా చల్లుకోవచ్చు.

ఇక రబ్బరు. వేసవికీ మామూలు వాతావరణానికీ చేసిన రబ్బరు, ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే డీప్ ఫ్రిజ్‌లోంచి తీసిన హవాయి చెప్పులా బిరుసెక్కుతుంది. రోడ్డు మీది సన్నటి గరుకుల్లోకి ఒదగలేదు కాబట్టి జారుతుంది. చలికాలం టైరులో రబ్బరు మిశ్రమమే వేరు. సిలికా పాలు ఎక్కువగా వేసి, సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోయినా మెత్తగా ఉండేలా చేస్తారు. దాని ట్రెడ్ మీద వందలాది సన్నటి కోతలు ఉంటాయి. ప్రతి కోత అంచూ మంచును గీరి పట్టుకుంటుంది. పెద్ద గాట్లలోకి మంచు దూరి గట్టిపడితే అది నష్టమేమీ కాదు, మంచు మంచుకే బాగా అంటుకుంటుంది.

ఈ జాతి టైరును 1934లో మొదట తయారు చేసింది ఫిన్లాండ్‌లోని ఒక రబ్బరు కంపెనీ. అదీ లారీల కోసం! కారు టైరు రెండేళ్ల తర్వాత వచ్చింది. ఆ రబ్బరు కంపెనీయే ఇప్పటి నోకియన్. మన ఇళ్లలో ఒకప్పుడు కింద పడినా పగలకుండా ఉన్న నోకియా ఫోన్‌కు దూరపు చుట్టం కాదు, దగ్గరి బంధువే. 1967లో ఆ రబ్బరు సంస్థా, కేబుళ్ల సంస్థా, కాగితం సంస్థా కలిసే నోకియా కార్పొరేషన్ అయ్యాయి.

దుకాణంలో టైరు పక్కన రెండు గుర్తులు వెతకాలి. ఒకటి ఎం ప్లస్ ఎస్. బురదకూ మంచుకూ పనికొస్తుందని దాని అర్థం. ఈ ముద్ర వేసుకోవడానికి గాట్ల ఆకారం, వాటి మధ్య ఖాళీ లెక్కకు సరిపోతే చాలు. మంచులో పరీక్ష ఏదీ ఉండదు. ఇంటర్వ్యూ లేకుండా బయోడేటా చూసి ఇచ్చిన ఉద్యోగమన్నమాట. రెండోది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు. 1999లో ఉత్తర అమెరికా టైర్ల పరిశ్రమ తెచ్చిన ఈ గుర్తు కావాలంటే, మధ్యస్థంగా అణిగిన మంచు మీద పరీక్ష పెట్టి, ప్రమాణంగా నిలిపిన టైరు కన్నా కనీసం పది శాతమైనా ఎక్కువ పట్టు చూపాలి. క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలం టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. 2014 చివరి నుంచి అక్కడ ఈ కొండ గుర్తు గానీ, ఐసును పట్టేందుకు ట్రెడ్‌లో దిగేసిన మేకులు గానీ ఉంటేనే చలికాలం టైరు కింద లెక్క. అయితే ఈ గుర్తును కూడా దేవుడి పటంలా కళ్లకు అద్దుకోనక్కర్లేదు. ఆ పరీక్ష చూసేది బండి ముందుకు కదిలేటప్పటి పట్టునే. ఆగేటప్పటి పట్టు, మలుపులో పట్టు, ఐసు మీద పట్టు దాని పరిధిలోకి రావు.

పేర్ల గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఆల్ సీజన్ అనే పేరు పెట్టినవాళ్లకు ఏయే కాలాలు తెలుసో గానీ, డిసెంబరు ఆ జాబితాలో లేదు. ఆల్ వెదర్ అంటే కొండ గుర్తు సంపాదించిన, ఏడాది పొడుగునా వాడుకోదగ్గ రకం. ఆల్ టెరైన్ అంటే మట్టిబాటలకూ తారురోడ్డుకూ మధ్యస్థంగా చేసినది. వీటిలో ఫాల్కెన్ వైల్డ్‌పీక్, టోయో ఓపెన్ కంట్రీ లాంటి శ్రేణుల్లో కొండ గుర్తున్న టైర్లు దొరుకుతాయి. ఏడాదికి నాలుగైదు సార్లు మంచు పడి, మర్నాటికల్లా రోడ్డు తేటపడే ఊళ్లో ఇలాంటి ఒక్క సెట్టు వేసి ఊరుకోవడం తప్పు కాదు. డబ్బు తక్కువైనప్పుడు అదే మంచి రాజీ. నాలుగు నెలలు రోడ్డు మీద ఐసు కరగని ఊళ్లో మాత్రం అసలైన చలికాలం టైరుకు ప్రత్యామ్నాయం లేదు. ఇక మడ్ టెరైన్ అని పెద్ద పెద్ద దిమ్మెలతో, చూస్తేనే భయపడేలా ఉండే టైర్లున్నాయి. ఐసు మీద వాటిది పైన పటారం, లోన లొటారం. దిమ్మెల మీద సన్నటి కోతలు తక్కువ, రబ్బరు గట్టిది.

సరే, డబ్బు సంగతికి వద్దాం. ధరలు టైరుకు నూటయాభై నుంచి మూడు వందల డాలర్ల దాకా ఉంటాయి. బ్రాండు మార్చితే మిగిలేదానికన్నా, సైజూ లోడు తరగతీ సరిగ్గా ఎంచితే మిగిలేదే ఎక్కువ. ఈ మాట అమ్మేవాడు ముందుగా చెప్పడు.

డ్రైవరు వైపు తలుపు తీస్తే స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. బండికి ఫ్యాక్టరీలో ఏ సైజు, ఏ రకం టైరు వేశారో, ఎంత గాలి పెట్టాలో అందులో ఉంటుంది. ఎఫ్-150, సిల్వరాడో 1500, రామ్ 1500 లాంటి 'హాఫ్ టన్' బండ్లు చాలావాటికి కారు తరగతి టైరే ఇస్తారు. సైజు ముందు పీ అక్షరం ఉంటుంది, లేదా ఏ అక్షరమూ ఉండదు. ఎల్‌టీ అని మొదలయ్యేది లైట్ ట్రక్కు టైరు. దానిలో లోడ్ రేంజ్ ఈ అంటే పది ప్లై బలం, 80 పీఎస్ఐ దాకా గాలి. "ట్రక్కు కదా, ట్రక్కు టైరే వేద్దాం" అని హాఫ్ టన్ బండికి ఇది అంటగడితే ఖరీదు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, ఖాళీ బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది. వారానికోసారి కిరాణా సరుకులు, ఏడాదికోసారి సోఫా మోసే తొట్టికి పది ప్లై అక్కర్లేదు. ట్రెయిలరు లాగేవాళ్లు, మంచు తోసే బ్లేడు బిగించేవాళ్లు, ఎఫ్-250 లాంటి పెద్ద బండ్లవాళ్లు మాత్రం ఇక్కడ కక్కుర్తి పడకూడదు. స్టిక్కరు మీద ఎల్‌టీ ఉంటే ఎల్‌టీయే వేయాలి, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) తగ్గకూడదు.

తర్వాత రిమ్ము. షోరూములో ఇరవై అంగుళాల మెరిసే రిమ్ములు చూసి ముచ్చటపడి ఉంటారు. ఆ ముచ్చటకు ప్రతి టైరు మార్పులోనూ వడ్డీ కట్టాలి. ఉదాహరణకు 2015 నుంచి 2020 దాకా వచ్చిన ఎఫ్-150కి ఫోర్డే ఇచ్చిన సైజుల్లో ఈ మూడూ ఉన్నాయి: 275/55ఆర్20, 275/65ఆర్18, 265/70ఆర్17. మూడింటి మొత్తం ఎత్తూ దాదాపు ఒకటే. కాబట్టి ఇరవై తీసి పద్దెనిమిదో పదిహేడో వేస్తే స్పీడోమీటరు పెద్దగా తప్పు చెప్పదు. టైరు ఖర్చు మాత్రం తగ్గుతుంది. పక్కగోడ ఎత్తు పెరిగి, మంచు కింద దాగిన గుంతల దెబ్బకు రిమ్ము వంగే ప్రమాదమూ తగ్గుతుంది. లోతు మంచులో కాస్త సన్నటి టైరే మేలు. వెడల్పుది మంచు మీదికెక్కి తేలుతుంది, సన్నటిది కోసుకుంటూ కిందికి దిగుతుంది. పదిహేడు కొనేముందు బ్రేకు క్యాలిపర్లకు తగులుతుందేమో ఒకసారి బిగించి చూడాలి.

చలికాలం సెట్టుకు విడిగా నాలుగు మామూలు స్టీలు రిమ్ములు కొనడం దండగ ఖర్చులా కనిపిస్తుంది. కానీ ఒకే రిమ్ము మీద ఏడాదికి రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కిస్తే ప్రతిసారీ నూరు డాలర్ల చుట్టుపక్కల వదులుతుంది. రిమ్ములతో సహా ఉంటే జాకీ, పానా పట్టుకుని ఇంటి ముందే మార్చుకోవచ్చు. రెండు మూడు చలికాలాల్లో రిమ్ముల డబ్బు తిరిగొస్తుంది. ఈ సెట్టు తిరిగినన్నాళ్లు వేసవి సెట్టు గ్యారేజీలో కూర్చుంటుంది కాబట్టి దాని అరుగుదల కూడా మిగులుతుంది.

బ్రాండుల్లో బ్లిజాక్, ఎక్స్-ఐస్, హక్కపెలిటా పై మెట్టువి. ఐసు మీద వాటికి పేరుంది, ధరలోనూ ఆ పేరు కనిపిస్తుంది. ఫైర్‌స్టోన్ వింటర్‌ఫోర్స్, జనరల్ ఆల్టిమాక్స్ ఆర్కిటిక్, కూపర్ వారి చలికాలం రకాలు మధ్య మెట్టు. నా లెక్కలో ఊళ్లో తిరిగే పికప్‌కు ఈ మధ్య మెట్టు చాలు. మిగిలిన డబ్బు రిమ్ములకు పోతుంది. వ్రెడెస్టైన్ అనే డచ్ పేరు కనిపిస్తే అది 2009 నుంచి మన అపోలో టైర్స్‌ది. అదే అపోలోకు తిరుపతి జిల్లా చినపాండూరులో ఫ్యాక్టరీ ఉంది. అయినా బంధుప్రీతితో టైర్లు కొనే పని పెట్టుకోకండి. మేకులున్నవి కొనేముందు చట్టం చూసుకోవాలి. మినసోటా వాసులకూ, దక్షిణ ఒంటారియోలోనూ అవి నిషిద్ధం.

సెకండ్ హ్యాండ్ టైర్ల బేరం అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. మొదటి మంచు పడ్డ వారం అందరూ ఎగబడతారు, ఏప్రిల్లో అడిగేవాడుండడు. కాబట్టి ఏప్రిల్లోనే వెతకండి. టైరు పక్కన డాట్ అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగు అంకెలు పుట్టినరోజు చెబుతాయి. 3521 అంటే 2021లో 35వ వారం. ఆరేళ్లు దాటినది ఎంత కొత్తగా మెరిసినా వద్దు, రబ్బరు గట్టిపడి ఉంటుంది. గాటు లోతు కనీసం 5 మిల్లీమీటర్లు ఉండాలి. చట్టం ఒప్పుకునే లోతు అంతకన్నా చాలా తక్కువే కానీ, ఆ లోతులో మంచుకు సంబంధించినంతవరకూ టైరు గుండయినట్టే. కొన్ని రకాల్లో ఐసును పట్టే మెత్తటి రబ్బరు పైపొరలోనే ఉంటుంది. సగం అరిగిన టైరును సగం ధరకు కొంటే చేతికొచ్చేది సగం కన్నా తక్కువ.

డబ్బు చాలక రెండే కొని వెనక వేయిద్దామనుకుంటారు కొందరు. వద్దు. వెనక పట్టు ఉండి ముందు లేకపోతే స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. ముందు వేసి వెనక వదిలేస్తే బ్రేకు తొక్కగానే తొట్టి మీకన్నా ముందుకు రావాలని చూస్తుంది. నాలుగూ ఒకే రకం ఉండాలి, లేదా డబ్బు కూడేదాకా ఆగాలి. వేయించాక వంద కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ బిగించండి. ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు పడితే గాలి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి నెలకోసారి పొద్దున్నే, బండి తీయకముందే చూసుకోండి.

డల్లాస్, ఆస్టిన్ వైపు ఉన్నవాళ్లకు ఈ ఖర్చేదీ అక్కర్లేదు. అలాగని ధైర్యమూ అక్కర్లేదు. 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్‌లో హైవే మీద కంటికి కనబడని ఐసు పేరుకుని 130కి పైగా బండ్లు గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. ఆ ప్రాంతంలో అలాంటి రోజులు ఏడాదికి ఒకటో రెండో. వాతావరణ హెచ్చరిక రాగానే పాలూ కూరగాయలూ తెచ్చుకుని, ట్రక్కును ఇంటి ముందే ఉంచండి.