బాతుమూతి డైనోసార్ పన్ను: అపోహలు – వాస్తవాలు

టి. రెక్స్ కోరపన్ను పక్కన హాడ్రోసార్ (బాతుమూతి డైనోసార్) పన్ను పెడితే ఎవరి చూపైనా కోర మీదకే పోతుంది. బాతుమూతి డైనోసార్ పన్ను చిన్నది, ఆకు ఆకారంలో ఉండి నడుమ ఒక నిలువు గట్టుతో సాదాగా కనిపిస్తుంది. కానీ పనితనంలో గొప్పది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

అపోహ: బాతులాంటి మూతి కాబట్టి నీళ్ళలో మెత్తటి నాచు తిని బతికేది.

వాస్తవం: పందొమ్మిదో శతాబ్దంలో ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ లాంటి పెద్ద శాస్త్రవేత్తే ఈ పళ్ళు బలహీనమైనవని, నీటిమొక్కలకే సరిపోతాయని అనుకున్నాడు. 1908లో అమెరికాలోని వ్యోమింగ్‌లో చర్మపు ముద్రలతో సహా దొరికిన హాడ్రోసార్ శిలాజంలో వేళ్ళ మధ్య పొర కనిపించేసరికి ఆ నమ్మకం ఇంకా బలపడింది. నిజానికి ఆ పొర ఈతకు కాదు, నడిచేటప్పుడు ఆనే మెత్త. 1964లో శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రమ్ దవడలను, పళ్ళను పరిశీలించి ఇవి నేలమీది గట్టి మొక్కలను నమిలే జంతువులని వాదించాడు.

అపోహ: శాకాహారి పళ్ళు మొరటువి, మాంసాహారి పళ్ళే పదునైనవి.

వాస్తవం: హాడ్రోసార్ దవడలో పళ్ళు ఒకదాని కింద ఒకటి దొంతరలుగా, పక్కపక్కన అతుక్కుని ఉండేవి. మొత్తం వందల్లో, కొన్ని జాతుల్లో వెయ్యి దాటేవి. పైది అరిగేకొద్దీ కిందది పైకి జరిగేది. 2012లో శాస్త్రవేత్త గ్రెగరీ ఎరిక్సన్ బృందం ఈ పళ్ళలో ఆరు రకాల కణజాలాలు ఉన్నట్టు చూపింది. గుర్రం పంటిలో ఉండేవి నాలుగే. ఒక్కో కణజాలం ఒక్కో వేగంతో అరగడం వల్ల నమిలే తలం మీద గట్లు తమంతట తామే నిలిచేవి. తిరగలి అరిగితే మనం గంట్లు కొట్టించాలి. ఈ పంటికి ఆ అవసరం లేదు.

అపోహ: చిన్న పన్ను దొరికితే అది పిల్లదే.

వాస్తవం: కాకపోవచ్చు. ఎడ్మాంటోసారస్ అనే బాతుమూతి డైనోసార్ 12 మీటర్ల దాకా పెరిగినా దాని ఒక్కో పన్ను చిన్నదే.

అపోహ: పన్ను చూస్తే జాతి తెలిసిపోతుంది.

వాస్తవం: 1856లో శాస్త్రవేత్త జోసెఫ్ లైడీ ఇప్పటి మోంటానా ప్రాంతపు పళ్ళనే చూసి ట్రాకొడాన్ అని పేరు పెట్టాడు. పంటితో ఒక జాతిని మరోదాని నుంచి విడదీయలేమని తేలాక ఆ పేరు వాడుకలోంచి పోయింది. అందుకే శిలాజ పన్ను కొనేవాళ్ళు అట్టమీద రాసిన జాతి పేరును కాదు, అది ఎక్కడ, ఏ రాతిపొరలో దొరికిందో అడగండి.