పందెం ఎవరిది? నెత్తురు ఎవరిది?

1996లో అమెరికా సెనేటర్ జాన్ మెకెయిన్ ఈ ఆటను 'మనుషుల కోడిపందెం' అన్నాడు. దీన్ని ఆపమని యాభై రాష్ట్రాల గవర్నర్లకూ ఉత్తరాలు రాశాడు. ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో గానీ, కోడిపందెం అంటే ఏమిటో ఆయనకంటే మనకే బాగా తెలుసు. బరి ఎవరి తోటలో గీస్తారు, పుంజును ఏడాది పొడుగునా మేపేదెవరు, కాలికి కత్తి కట్టేదెవరు, నోట్ల కట్టలు పట్టుకుని కుర్చీల్లో కూర్చునేదెవరు, పోలీసులొస్తే దొరికేదెవరు - ఇదంతా చూస్తూ పెరిగినవాళ్లం. అందుకే ఆ మాటను తిట్టుగా వదిలేయకుండా ప్రశ్నగా పట్టుకుని ఒక రాత్రి పోటీలకు వెళ్లాను. ఇక్కడ పందెం ఎవరిది? నెత్తురు ఎవరిది?

ఊరు న్యూజెర్సీ రాష్ట్రంలోది. మా పిన్ని కొడుకు అక్కడ కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు, సాయంత్రాలు ఒక జిమ్‌లో కుస్తీ పట్లు నేర్చుకుంటాడు. "అన్నా, మా జిమ్ పిల్లోడు కొట్లాడుతున్నాడు, టికెట్ నేనే కొన్నా, రావాలె" అన్నాడు. టికెట్ ఎక్కడ కొన్నావంటే, కొట్లాడే పిల్లోడి దగ్గరే అన్నాడు. మొదట నాకు అర్థం కాలేదు. చిన్న పోటీల్లో ఆటగాడే తన టికెట్లు తాను అమ్ముతాడు. చుట్టాలకూ, పనిచేసే చోట తోటివాళ్లకూ, జిమ్‌లో ఉన్నవాళ్లకూ అంటగడతాడు. అమ్మినదాంట్లో అతనికి కొంత వాటా. ఎక్కువ టికెట్లు అమ్మగలిగినవాడికి మళ్లీ పిలుపు త్వరగా వస్తుంది. అంటే బోనులోకి దిగకముందే అతను ఒక పోటీలో ఉన్నాడన్నమాట, అది బంధుబలగం పోటీ. దూరప్రాంతం నుంచి ఒంటరిగా వచ్చినవాడు అందులో ముందే ఓడిపోతాడు.

ఆట సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఎంఎంఏ అంటే బాక్సింగ్, కుస్తీ, కాలితన్నులు, కింద పడ్డాక పట్లు - అన్నీ కలిసిన పోటీ. 1993 నవంబరు 12న డెన్వర్ నగరంలో యూఎఫ్‌సీ అనే కంపెనీ మొదటి పోటీ పెట్టింది. అందరికంటే పీలగా కనిపించిన బ్రెజిల్ మనిషి రాయిస్ గ్రేసీ ఆ రాత్రి అందర్నీ కింద పడేసి పట్లతో గెలిచాడు. అప్పట్లో బరువు తేడాలు లేవు, నియమాలు దాదాపు లేవు. ఇప్పుడున్న నియమాలు చాలావరకు ఈ న్యూజెర్సీలోనే 2000-2001లో, ప్రభుత్వ అథ్లెటిక్ బోర్డు ఆధ్వర్యంలో రాసుకున్నవి. మామూలు పోటీకి మూడు రౌండ్లు, టైటిల్ పోటీకి ఐదు. రౌండు ఐదు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విరామం. చేతులకు నాలుగు ఔన్సుల పలచటి గ్లవ్స్. కళ్లలో పొడవకూడదు, తల వెనక కొట్టకూడదు, మర్మాంగాల మీద తన్నకూడదు. పక్కనే ఉన్న న్యూయార్క్‌లో మాత్రం 1997 నుంచి 2016 దాకా ఈ ఆట మీద నిషేధమే. ఆ నిషేధం అన్నాళ్లు నిలబడడానికి ఒక కార్మిక సంఘం కూడా కారణం. లాస్ వేగాస్ హోటల్ వంటవాళ్ల సంఘానికి యూఎఫ్‌సీ యజమానుల కాసినోలతో తగాదా. వాళ్లు న్యూయార్క్ దాకా వచ్చి అడ్డుపడ్డారు. ఆట నీతి మీద జరిగిన చర్చలో కూలీ తగాదా ఉందని మన పత్రికలెక్కడా రాసినట్టు నేను చూడలేదు.

హాల్లో మడతకుర్చీలు, మధ్యన ఇనుప జాలీ బోను. మొదట అమెచ్యూర్లు, అంటే డబ్బు తీసుకోనివాళ్లు. తర్వాత వృత్తివాళ్లు. ఎవరు ఎవరితో కొట్లాడాలో జత కలిపేవాడు ఒకడుంటాడు. మన పెళ్లిళ్ల పేరయ్య లాంటివాడే. అతని పనిలోని కిటుకు మా తమ్ముడు చెప్తే గానీ తెలియలేదు. స్థానికంగా టికెట్లు అమ్మే కుర్రాడు ఒకవైపు, అతనికి జతగా పక్క రాష్ట్రం నుంచి వచ్చే మనిషి ఇంకోవైపు. ఈ రెండోవాడికి ముప్పై దాటి ఉంటాయి, గెలిచినవాటికంటే ఓడినవి ఎక్కువ. ఫోన్ వచ్చిన వారంలో బయల్దేరి వస్తాడు. అతను గెలవకూడదని ఎవరూ చెప్పరు. గెలిస్తే మాత్రం అందరికీ ఇబ్బంది. వాళ్ల భాషలో అతని పేరు 'ఆపొనెంట్'. ఊరికే ఆపొనెంట్, అంతే. మన ఊళ్లో జీతగాడికి పేరు ఉన్నా 'ఒరే' అని పిలిచినట్టు.

ఈ ఆటలో నాకు అన్నిటికంటే బోధపడింది తూకం. పోటీకి ముందురోజు ఇద్దర్నీ కాటా ఎక్కిస్తారు. 155 పౌన్లంటే ఇద్దరూ 155 పౌన్లే. సమానత్వమంటే ఇంత కచ్చితంగా కొలిచే చోటు నేను ఇంకోటి చూడలేదు. కానీ ఆ అంకె రావడానికి వాళ్లు నీళ్లు మానేస్తారు, ఉప్పు నీళ్ల వేడి తొట్లలో కూర్చుంటారు, ఒళ్లంతా దుప్పట్లు కప్పుకుని చెమట కారుస్తారు. కాటా దిగాక ఒక్క రాత్రిలో మళ్లీ నాలుగైదు కిలోలు ఎక్కుతారు. ఇలా ఒళ్లు ఎండబెట్టుకుంటూ 2013లో బ్రెజిల్‌లో ఒకరు, 2015లో ఫిలిప్పీన్స్ పోటీకి వచ్చిన చైనా యువకుడు ఒకరు, బోనులోకి దిగకముందే చనిపోయారు. ఇక కాటాకు తెలియనివి ఉన్నాయి. రోజుకు రెండుపూటలా సాధన చేసేవాడెవడు, గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడెవడు, డాక్టరు పరీక్షల ఖర్చు ఎవరు పెట్టారు - వీటికి అక్కడ రాళ్లు లేవు.

పోటీలు మొదలయ్యాక గంటసేపు నాకు ఏమీ పట్టుబడలేదు. నిలబడి గుద్దుకుంటే జనం కేకలు, కింద పడి పెనుగులాడితే ఈలలు, అరుపులు. నేనూ ఆ జనంలాగే విసుక్కున్నా. "అన్నా, మొహాలు చూడకు, నడుములు చూడు" అన్నాడు తమ్ముడు. అప్పట్నించి ఆట కనపడింది. కింద వెల్లకిలా ఉన్నవాడు ఓడుతున్నట్టు కాదు. అతని కాళ్లు పైవాడి నడుమును బంధించినంతసేపూ దెబ్బల్లో బలం ఉండదు. పైవాడు ఒక మోకాలు ఆ బంధం దాటించాడా, లెక్క మారుతుంది. వీపు దొరికిందా, దాదాపు అయిపోయినట్టే. చెయ్యి మెడ చుట్టూ వెళ్లి రెండువైపులా రక్తనాళాల్ని నొక్కితే పది సెకన్లలో స్పృహ తప్పుతుంది. అలా చిక్కినవాడు అరచేత్తో ఎదుటివాడి ఒంటిమీద రెండుసార్లు తడతాడు. అంతే, చెయ్యి వదలాలి. మరు క్షణం ఇద్దరూ లేచి కౌగిలించుకుంటారు.

ఆ తట్టడం చూసినప్పుడు నేను వేరే చోటికి వెళ్లిపోయాను. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ల వెంటపడి నరికినప్పుడు ఆగమని తట్టే వీలు ఎవరికుంది? అక్కడ తూకం లేదు, మధ్యలో దూరి ఆపే రిఫరీ లేడు. పోలీసులు ఎవరివైపో మనకు తెలుసు. హింస అనే ఒక్క మాటకింద ఈ రెండిటినీ కలిపి, "ఛీ, అనాగరికం" అనే పెద్దమనుషులు బోనునే చూసి ముక్కు మూసుకుంటారు. ఊరు జోలికి పోరు.

ఇంకొకటి, ముట్టుకోవడం. ఒకరి చెమట ఇంకొకరి నోట్లో పడుతుంది, నెత్తురు అంటుకుంటుంది. పాల్వంకర్ బాలూ హిందూ జట్టుకు వికెట్ల మీద వికెట్లు తీసిపెట్టిన దళితుడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా తీశాడు. పూనాలో అతనికి టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి ముంతలో. బంతి అతని చేతిలోంచి వస్తే మైల లేదు, కప్పుకు మాత్రం ఉంది. క్రికెట్‌లో ఆ వంచన కుదిరింది, ఎందుకంటే ఒళ్లూ ఒళ్లూ తగలవు. అమెరికాలో బాక్సింగ్‌కు అలా కుదరదు గనక, గెలుస్తారని భయం గనక, తెల్ల చాంపియన్లు హెవీవెయిట్ కిరీటానికి నల్లవాళ్లతో దిగకుండా గీత గీశారు. 1908లో జాక్ జాన్సన్ ఆ గీత దాటి హెవీవెయిట్ కిరీటం తీసుకున్నాడు. 1910 జులై 4న రీనోలో జెఫ్రీస్‌ను ఓడించాక దేశమంతా నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి. బోనులో ముట్టుకున్నంత మాత్రాన బయట అంటు పోయిందని అనుకోవడానికి లేదు. ఆ హాల్లో రకరకాల రంగులవాళ్లు ఒకర్నొకరు పట్టుకున్నారు, నిజమే. ముందు వరసలో టేబుళ్లు కొన్నవాళ్ల రంగు మాత్రం చాలావరకు ఒక్కటే.

డబ్బు సంగతికొస్తే, చిన్న పోటీల్లో కొత్త వృత్తివాడికి వచ్చినందుకు కొన్ని వందల డాలర్లు, గెలిస్తే ఇంకో అంత. ఓడితే సగం పోయినట్టే. పైనున్న యూఎఫ్‌సీని 2001లో 20 లక్షల డాలర్లకు కొన్నారు, 2016లో సుమారు 400 కోట్ల డాలర్లకు అమ్మారు. ఆటగాళ్ల వాటా ఆదాయంలో ఐదో వంతు దాటడం లేదని, పోటీ కంపెనీలను తొక్కేసి తమ జీతాలు అణచారని మాజీ ఆటగాళ్లు 2014లో కోర్టుకెక్కారు. అది 37.5 కోట్ల డాలర్ల రాజీతో 2025లో ముగిసింది. బాక్సర్లను ప్రమోటర్ల నుంచి కాపాడడానికి 2000లో మహమ్మద్ అలీ పేరుతో ఒక చట్టం వచ్చింది. అది బాక్సింగ్‌కే, ఈ ఆటకు వర్తించదు. సంఘం లేదు. పేరుకు ప్రతివాడూ స్వతంత్ర కాంట్రాక్టరు, మన దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎంత స్వతంత్రులో అంత.

ఇదంతా మనకెందుకంటారా? 2017లో భరత్ ఖండారే, 2023లో అన్షుల్ జుబ్లీ యూఎఫ్‌సీలో దిగారు. 2024 జూన్‌లో పూజా తోమర్ అక్కడ గెలిచిన మొదటి భారతీయ స్త్రీ అయింది. మన బస్తీల్లో కూడా పిల్లలు ఇప్పుడు తాలింఖానా వదిలి ఈ జిమ్‌లకు పోతున్నారు. వద్దనే హక్కు నాకు లేదు. దొర వెనక కర్ర పట్టుకుని నిలబడ్డ ఒంటికి, తన కోసం తాను కొట్లాడే చోటు దొరికితే ఆ ఆకర్షణ నాకు అర్థమవుతుంది. కానీ వాళ్ల చేత సంతకం పెట్టించే కాగితంలో ఏముంది, బోను పక్కన డాక్టరున్నాడా, తలకు దెబ్బ తగిలితే ఎన్నిరోజులు సెలవు, ఆస్పత్రి బిల్లు ఎవరిది - ఈ నాలుగూ హాస్టల్లో ఉన్న మన విద్యార్థి సంఘాలైనా అడిగి తెలుసుకుని చెప్పాలి. న్యూజెర్సీలో నాకు నచ్చిన పని ఒక్కటే. స్పృహ తప్పినవాడిని మళ్లీ ఎప్పటిదాకా దిగనివ్వకూడదో బోర్డు రాసి పెడుతుంది. అతను ఒప్పుకున్నా, ప్రమోటరు బతిమాలినా కుదరదు.

మా తమ్ముడి జిమ్ పిల్లోడు గెలిచాడు. ఆపొనెంట్‌ను రెండో రౌండులో గొంతు పట్టుతో పట్టాడు, అతను తట్టాడు. బయటికి వచ్చేటప్పుడు నడవలో కనపడ్డాడా మనిషి. కనుబొమ మీద ఐసు సంచి, చేతిలో కవరు. మా తమ్ముడు బాగా ఆడావన్నాడు. ఆయన నవ్వి, వచ్చే నెల ఇంకో రాష్ట్రంలో ఉందన్నాడు, ఎవరితోనో ఇంకా చెప్పలేదట. ఇంటికి ఐదుగంటల దారి, పొద్దున్నే పనికి పోవాలని కారు తాళాలు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆయన పేరు ఆ రాత్రి రెండుసార్లు మైకులో చెప్పారు. నాకు గుర్తులేదు.